తలాపున చోటు

మా అమ్మ ఏడ్చిన అధ్యాయాన్ని ఒక నవలలోంచి తీసేశారు. తీసెయ్యమని చెప్పింది ఒక విమర్శకుడు. నవల రాసిన మనిషి అప్పటికే చనిపోయాడు గనక అడ్డం చెప్పడానికి ఎవరూ లేరు.

కొత్త ముద్రణ వస్తున్నదని ఆదివారం పేపరు సాహిత్యం పేజీలో ఆ విమర్శకుడే రాశారు. ఆ ముద్రణకు సంపాదకుడు కూడా ఆయనే. "రచయిత మంచాన పడ్డ రోజుల్లో రాసిన భాగం ఇది. రెండు చావులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. కథకు పొసగని ఈ అధ్యాయాన్ని తొలగించడమే ఆయనకు మనం చేయగల న్యాయం" అన్నారు. న్యాయం! ఆ మాట దగ్గర పేపరు మడిచి కింద పడేశాను. మళ్లీ తీశాను. ఎన్నిసార్లు తీసి చూసినా అక్కడ అదే మాట ఉంది.

పేర్లు రాయను. విమర్శకుడు పెద్దమనిషి, నవలాకారుడు లేడు, మా అమ్మకు పేరు పెట్టి పిలిపించుకునే అలవాటే లేదు.

ఆ విమర్శకుడి మీద నాకేదో పాత పగ ఉందనుకోవద్దు. నేను బడికి పోయినవాణ్ణి కాదు. నాకు అక్షరాలు నేర్పింది ఆ నవల రాసిన మనిషే. నిజాం జమానా చివర్లో మా ఊరి దొర గడి విడిచి పట్నం పారిపోయాక, సంగం వాళ్లు ఆ గడి కొట్టంలో బడి పెట్టారు. పశువులను కట్టేసే గుంజలకు ఆనుకొని కూర్చునేవాళ్లం. మీసాలు కూడా సరిగా రాని సంగం మనిషి ఒకతను గోడ మీద బొగ్గుతో రాసి మాచేత చదివించేవాడు. తర్వాత నవల రాసింది అతనే. అన్నా నేనూ పక్కపక్కన కూర్చునేవాళ్లం. ఇద్దరికీ పెండ్లీడు వచ్చింది, ఇద్దరికీ అ ఆలు రావు. "నాగలి కన్న బరువున్నది కదరా తమ్మీ గీ బొగ్గు" అనేవాడు అన్న. అన్న కొన్నాళ్లకు బొగ్గు వదిలేసి దళంలోకి పోయాడు. నేను ఇంటి దగ్గర అమ్మతో ఉండిపోయాను.

పోరాటం ముగిసినంక నాకు రైల్వే గేటు దగ్గర పని దొరికింది. మొదట రఘునాథపల్లి అవతల ఒక గేటు, తర్వాత చాలా ఏండ్లు మానుకోట దిక్కు ఒక గేటు. మానుకోట అంటే కాయిదాల మీద మహబూబాబాదు. గేటు వేసి, జెండా పట్టుకొని బండి పోయేదాకా నిలబడి, గేటు తీస్తే, మళ్లీ బండి వచ్చేదాకా మనిషికి పని లేదు, మాట్లాడేవాడు లేడు. ఆ ఖాళీలో చదివాను. పల్లీలు కట్టిచ్చిన కాగితంతో మొదలుపెట్టి జనగామ లైబ్రరీలో నవలల బీరువా ఖాళీ అయ్యేదాకా చదివాను. అచ్చయింది గనక అన్నీ గొప్పవే అనుకునేవాణ్ణి. అచ్చులో అబద్ధం ఉంటుందని నాకు తెలియదు.

ఆ భ్రమ వదిలించింది ఈ విమర్శకుడు. ఒకసారి ఆయన రాశారు: "మన పోరాట నవలలన్నింటిలో దొరకు ఒకటే మీసం. ఆ మీసం గొరిగేస్తే దొర మనిషిలా కనపడతాడేమోనని రచయితకు భయం." గేటు గదిలో ఒక్కణ్ణే పగలబడి నవ్వాను. మా దొరకు మీసమే లేదు. గొంతు సన్నం. ఎవరినైనా "బిడ్డా" అనే పిలిచేవాడు. ఆ పిలుపు వినపడితే ఎడ్లను వంచే మగవాళ్లకు కూడా చెమటలు పట్టేవి. అట్లాంటి దొర నాకు ఏ నవలలోనూ కనపడలేదు. ఎందుకు కనపడలేదో ఆ వ్యాసం చదివాక తెలిసింది.

ఇంకోసారి, "మనవాళ్లు తుపాకీని రెండు పేజీలు వర్ణిస్తారు. నాటు వేసే ఆడమనిషి ముందుకు నడుస్తుందో వెనక్కి నడుస్తుందో వాళ్లకు తెలియదు" అన్నారు. ఏ నవల గురించి అన్నారో వెతికి తెచ్చుకొని చూశాను. నిజమే. ఆడవాళ్లు పాటలు పాడుకుంటూ, వేసిన నాటును తొక్కుకుంటూ ముందుకు పోతున్నారు! అప్పటినుంచి ఏ నవలలో నాట్లు వచ్చినా అక్కడ ఆగి వాళ్ల కాళ్లు చూడడం నాకు అలవాటైపోయింది.

పోరాటం మీద నవలలు రాసినవాళ్లను ఆయన రెండు రకాలు చేశారు. "అందులో ఉన్నవాళ్లకు ఏది వదిలెయ్యాలో తెలియదు. లేనివాళ్లకు ఏది పెట్టాలో తెలియదు." మా నవలాకారుడిని మాత్రం మెచ్చుకున్నారు. "ఈయన అందులో ఉండి కూడా వదిలెయ్యడం తెలిసిన మనిషి" అని రాశారు. ఆ వాక్యం కింద గీత గీసుకున్నాను.

ఒప్పుకోని మాటలూ ఉన్నాయి. పాత్రలు ఏడవడం మొదలుపెడితే పాఠకుడు ఏడవడం మానేస్తాడనేది ఆయనకు బాగా ఇష్టమైన సూత్రం. ఆడవాళ్లు రాగం తీసి ఏడ్చే ఘట్టం కనపడితే చాలు, విరుచుకుపడేవారు. "శోకం రాయడం సులువు, దుఃఖం రాయడం కష్టం" అనేవారు. ఇది పట్నం మాట. మా దిక్కు శోకమంటే చనిపోయిన మనిషి పుట్టుక నుంచి పాడె దాకా వరసపెట్టి చెప్పడం. ఏ కరువులో ఏం తిన్నదో, ఎవరికి ఎన్ని మాటలు పడ్డదో, ఏ బిడ్డకు ఏ చీర పెట్టిందో, అన్నీ వస్తాయి అందులో. నన్నడిగితే మా ఊళ్లో నవలాకారులు ఆడవాళ్లే.

పట్నం మాట అన్నాను గానీ ఆయన పుట్టింది మానుకోటలోనే. ధాన్యం వ్యాపారం చేసే షావుకారు ఇల్లు. ఊళ్లు అట్టుడుకుతున్న ఆ రోజుల్లో తండ్రి పిల్లలను పట్నంలో చుట్టాలింటికి పంపేశాడట. "మా ఊరు కాలుతున్నప్పుడు నేను బడిలో పద్యాలు వల్లెవేస్తున్నాను" అని ఆయనే ఎక్కడో రాసుకున్నారు. అట్లా రాసుకున్న మనిషిని తిట్టాలంటే నోరు రాదు. అదే నా కష్టం.

ఇక ఆ అధ్యాయం సంగతి. ఊళ్లో ఒక ముసలామె చనిపోతుంది. వయసు మీరి, మంచం మీద, బిడ్డ చేతి నీళ్లు తాగి పోతుంది. పక్కింటామె వస్తుంది. ఆ ఇద్దరికీ ఏండ్ల తరబడి మాటల్లేవని రచయిత అంతకుముందే చెప్పి ఉన్నాడు. పక్కింటామె గడపలోకి రాగానే, శవం తలాపున, తల దగ్గర, కూర్చున్న ముసలామె కూతురు లేచి తన చోటు ఇస్తుంది. పక్కింటామె అక్కడ కూర్చుని శోకం ఎత్తుకుంటుంది. "అడివిల ఒక్కదానివే పోతివా అక్కా, నీళ్లంటె నీళ్లిచ్చే చెయ్యి లేకపాయెనా" అని. మధ్యలో ఒక జవాను గుమ్మందాకా వచ్చి చూసి పోతాడు. పొద్దుగూకేదాకా ఏడ్చి, ఇంటికి పోయి పొయ్యి అంటిస్తుంది. అంతే. ఎందుకు ఏడ్చిందో, ఈమె ఎందుకు లేచిందో రచయిత ఒక్క ముక్క చెప్పడు.

విమర్శకుడి అభ్యంతరాలు ఇవీ. తలాపున చోటు కన్నబిడ్డది. మాటల్లేని పక్కింటామెకు దాన్ని ఇప్పించడం ఊరి మర్యాద తెలియకపోవడం. మంచం మీద పోయిన మనిషిని అడవిలో పోయిందని ఏడవడం పరధ్యానం. దళం మనిషి ఎవరో చనిపోయినప్పటి కోసం రాసుకున్న శోకం పొరపాటున ఇక్కడికి వచ్చి పడిందని ఆయన ఊహ.

సగం నిజమే కనిపెట్టారు. ఆ శోకం దళం మనిషిదే. అక్కడికి తెచ్చింది మాత్రం రచయిత కాదు, మా అమ్మ.

అన్న పోయింది భూపాలపల్లి అడవుల్లో, టేకుమట్ల అవతల ఎక్కడో. శవం మాకు దక్కలేదు. అప్పటికి నిజాం పోయి, మా ఊరి గడిలో యూనియన్ మిలిటరీ క్యాంపు దిగి ఉంది. చనిపోయినవాడిది ఈ దిక్కు ఊరేనని వాళ్లకు కబురందింది. ఏ ఊరో, ఏ ఇల్లో తెలియదు. దళంలో అన్నకు వేరే పేరుండేది. అందుకని అన్న గొంగడి పట్టుకొని ఊరూరా తిరిగారు. మా ఊళ్లో చావడి అరుగు మీద దాన్ని పరిచి, డప్పు కొట్టించి, ఊరందరినీ దాని ముందునుంచి నడిపించారు. గుర్తుపట్టినవాళ్లకు శవం ఎక్కడుందో చెప్తామన్నారు. గుర్తుపట్టినవాళ్ల ఇల్లు ఏమవుతుందో వాళ్లు చెప్పలేదు. పక్క ఊరిని చూసి మాకే తెలుసు.

ఆ గొంగడి అంచుకు మాసిక వేసింది అమ్మే. నా ముందు నడుస్తున్నది. ముందువాళ్లు చూసినంత సేపే చూసింది. ఎక్కువ చూడలేదు, తక్కువా చూడలేదు. నడిచి ఇంటికొచ్చి విసుర్రాయి ముందు కూర్చొని జొన్నలు పోసింది.

చావు కబురొస్తే మా దిక్కు ఆ ఇంటి ఆడమనిషి గడపలోకి వచ్చి గొంతెత్తుతుంది. అది విని వాడకట్టు ఆడవాళ్లంతా వస్తారు. గొంతెత్తకపోతే ఆ ఇంట్లో చావు లేనట్టే. ఈ సంగతి క్యాంపువాళ్లకు ఎవరు చెప్పారో, ఏ ఇంట్లో ఏడుపు లేస్తుందోనని జవాన్లు వాడల్లో తిరిగేవాళ్లు. అమ్మ ఏడవలేదు. కలుపుకు పోయింది, నీళ్లు మోసింది, సంతకు పోయి ఉప్పు తెచ్చింది. ఊరికి తెలుసు. ఆమె మా అరుగు మీద కూర్చొని ఆ మాసిక వేస్తుంటే చూసినవాళ్లే అందరూ. అయినా మా ఇంటికి ఒక్కరూ రాలేదు. రాకపోవడమే వాళ్లు చేసిన పరామర్శ.

కొన్నాళ్లకు పక్కింటి ముసలామె పోయింది. వాళ్ల స్నానాల నీళ్లు మా దొడ్లోకి వస్తున్నాయని అమ్మకూ ఆమెకూ జగడం. మా దూడ వాళ్ల వాకిట్లో నిలబడితే ఆమె దూడను తిట్టేది. తిట్లన్నీ అమ్మకే, పేరు దూడది. వాళ్ల కోడి మా వైపు వస్తే అమ్మ కోడితో అదే లెక్క తేల్చుకునేది.

ఆ ఇంట్లో గొంతు లేవగానే అమ్మ విసుర్రాయి వదిలి లేచింది. కొంగు నడుముకు చుట్టుకుంది.

"యాడికమ్మా? మనకు వాళ్లకు మాటల్లెవ్వు గద" అన్నాను.

"చచ్చిన మనిషితోని ఏం పంచాదిరా?" అని నడిచింది. వెంట పోయాను.

తలాపున ముసలామె బిడ్డ కూర్చొని ఉంది. అత్తగారి ఊరినుంచి వచ్చి ఆఖరిదాకా తల్లికి చాకిరీ చేసింది ఆమే. గడపలో అమ్మను చూసింది. లేచి వచ్చి, అమ్మ భుజం పట్టుకొని తీసుకుపోయి తన చోట్లో కూర్చోబెట్టింది.

అమ్మ ఎత్తుకుంది. అడవి అంది. నీళ్లు అంది. "ఏ చెట్టు కింద పండుకుంటివే, నీ మొకం మీద ఎవ్వలు బట్ట కప్పిరే" అంది. గోడ పక్కన మంచం మీద, అందరూ ఉండగా పోయిన ముసలామెను పట్టుకొని! మాట దారి తప్పుతున్నదని చుట్టూ ఉన్న ఆడవాళ్లకు అర్థమైంది. అమ్మ నోట "అడివి" అని వచ్చినప్పుడల్లా వాళ్లంతా ఒక్కసారిగా గొంతులు పెంచి ఆ మాటను ముంచేసేవాళ్లు. ఏడుపులో ఏడుపు దాచారు.

ఒక జవాను గుమ్మంలోకి వచ్చాడు. మన మాట కొంచెం వచ్చినవాడు. అమ్మ వైపు కట్టె చూపించి, "ఎవరు ఈమె? ఏమైతది?" అన్నాడు.

"అక్కచెల్లెండ్ల లెక్క సారూ" అంది ఒకామె, కళ్లు కూడా తుడుచుకోకుండా. "ఒక్క కంచంల తిన్నోళ్లు."

"ఒకల్నిడిసి ఒకలు పూట ఉండకపోదురు" అని ఇంకొకామె అందుకుంది.

నేను తల కిందికి వేసుకున్నాను. స్నానాల నీళ్ల దగ్గర జుట్లు పట్టుకున్న అమ్మనూ ముసలామెనూ విడిపించింది కూడా ఈ ఇద్దరే. జవాను తల ఊపి పోయాడు.

నవలాకారుడు జైలునుంచి వచ్చాక ఒకసారి మా ఇంటికి వచ్చాడు. అమ్మ జొన్నరొట్టె పెట్టింది. నీళ్ల పంచాది గురించీ, ఆ చావు గురించీ, జవాను గురించీ నవ్వుకుంటూ చెప్పింది. అన్న మాట ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. ఆమె ఎట్లా చెప్పిందో అట్లాగే రాశాడు, చెప్పనిది చెప్పనట్టే వదిలేశాడు. పుస్తకం వచ్చేసరికి అమ్మ లేదు. మానుకోట గేటు గదిలో ఆ అధ్యాయం చదివినప్పుడు మధ్యలో బండి వచ్చింది. పుస్తకం చంకలో పెట్టుకొని జెండా చూపించాను. ఏ బండో గుర్తులేదు.

ఇదంతా తెలిసినవాణ్ణి, ఆ ఆదివారం పేపరు చూసి ఎట్లా ఊరుకుంటాను? విమర్శకుడికి కార్డు రాశాను. జవాబు లేదు. ఇంకొకటి రాశాను. దానికీ లేదు. నా వాలకం చూసి నా భార్య మొదలుపెట్టింది.

"ఏందయ్యా, అత్త పోయి గిన్నేండ్లాయె. గిప్పుడు ఆమె ఏడుపు మీద పంచాది పెట్టినవ్?"

"ఏడుపు మీద గాదే. పుస్తకంల నుంచి తీసేసిండ్రు."

"పుస్తకంల ఉంటె అత్తకు ఏమొస్తది?"

"ఉంటె ఏమొస్తదో నాకు తెల్వది. లేకుంటె పోతది."

"ఏం పోతది?"

పేపరు మళ్లీ మడతపెట్టాను. అమ్మకు ఫోటో లేదు. అన్నకు గోరీ లేదు. ఆమె గొంతు లోకంలో మిగిలింది ఆ కొద్ది పేజీల్లోనే. ఆమె కన్నకొడుకు కోసం ఏడ్చిందనడానికి అదొక్కటే గుర్తు. అది కూడా రచయిత జబ్బు కింద జమకట్టి చెరిపేస్తే, నా కండ్ల ముందు గొంగడి దాటి నడిచిన మనిషి అట్లా నడుస్తూనే ఉండిపోతుంది.

నా భార్య ఆ పేపరు అందుకొని, "సరే. పోతె పో. అంగీ మార్చుకొని పో" అంది. జనగామ లైబ్రరీ హాల్లో నవల మీద సభ ఉందనీ, ఆయన వస్తున్నారనీ పేపర్లో చూసింది ఆమే. చదవను చదవను అంటూనే అన్నీ చూస్తుంది.

బస్సులో కూర్చొని ఒకటి గట్టిగా అనుకున్నాను. ఆమె మా అమ్మ అని చెప్పకూడదు. నిజంగా జరిగిందనే మాట నవలకు సాక్ష్యం కాదని ఆయన ఎన్నోసార్లు రాశారు. నాకూ ఆ మాట నచ్చింది. నిజంగా జరిగినవాటితో చెత్త నవలలు ఎన్ని చదవలేదు! కాబట్టి అధ్యాయం నిలబడితే నవలగానే నిలబడాలి. మా ఇంటి పేరు చెప్పి బిచ్చమడిగినట్టు ఉండకూడదు.

సభలో ఆయన బాగా మాట్లాడారు. సన్నటి మనిషి, కళ్లద్దాలు తీసి పెట్టి తీసి పెట్టి మాట్లాడతారు. ప్రశ్నలుంటే అడగమన్నారు. లేచాను. మైకు పట్టుకున్న అతను, "పెద్దాయనా, ప్రశ్నయితే అడుగుండ్రి. ఉపన్యాసమైతే వచ్చే నెల పెట్టుకుందం" అన్నాడు. అందరూ నవ్వారు.

"ప్రశ్ననే. జర మైకు నోటికాడ పెట్టు బిడ్డా, చెవికాడ పెట్టినవ్" అన్నాను. ఈసారి ఇంకా ఎక్కువ నవ్వారు. విమర్శకుడు కూడా.

"సార్, మీరు తీసేసిన అధ్యాయంల ఆమె ఎవలి కోసం ఏడ్చింది?"

"అదేనండీ నా ప్రశ్న కూడా. రచయిత చెప్పలేదు" అన్నారాయన.

"గొంగడి పరిచి ఊరును నడిపించిన అధ్యాయం ముంగట ఉన్నది గద సార్. ఎవ్వలు గుర్తుపట్టలేదని రాసిండు."

"అది వేరే ఊరు."

"ఆ ఊరికి ఆయన పేరు పెట్టలే సార్. వేరే ఊరని మీరనుకున్నరు."

ఆయన కళ్లద్దాలు తీశారు. ఈసారి తొందరగా పెట్టుకోలేదు. "సభ అయినాక కలుద్దాం" అన్నారు.

బయట టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. ఏం చేసేవారని అడిగారు. చెప్పాను. నా పుస్తకాలు చదివారా అన్నారు.

"మీ మీసం మాట చదివినకాడి నుంచి ఏ నవలల దొర అచ్చినా మంగలిని పిలువబుద్దయితది సార్."

ఆయనకు టీ పొలమారింది. దగ్గి, నవ్వి, రుమాలుతో తుడుచుకొని, "చెప్పండి. ఆ కూతురు ఎందుకు లేచింది?" అన్నారు.

"మా దిక్కు తలాపున చోటు బిడ్డదే. మీరు రాసింది నిజమే. కని, అంతకంటె ఎక్కువ దుఃఖమున్నోళ్లు గడపలకస్తే లేచి ఇస్తరు."

"అది ఆచారమా?"

"ఆచారమంటె చెయ్యకుంటె తప్పువడుతరు. ఇది చెయ్యకున్నా ఎవ్వలేమనరు. గందుకే చేసినోళ్లు యాదికుంటరు."

ఆయన గ్లాసు కింద పెట్టారు. "సరే. ఆమె కొడుకు దళంలో చనిపోయాడు, గొంగడి అతనిది, ఏడవనివ్వలేదు, ఇక్కడ ఏడ్చింది. మీరు చెప్తే తెలిసింది. చదివితే తెలియలేదు. మీ ఊరు తెలిసినవాళ్లకే అర్థమైతే దాన్ని నవల అనడం ఎట్లా?"

"నాటు ఎనుకకేస్తరని మీరు రాసినంక పట్నమోళ్లకు కూడ తెలిసింది గద సార్. తెల్వనోళ్లకు తెలిసినోళ్లు చెప్పాలె. గా పని కోసమే గద విమర్శ రాసేటోళ్లున్నది?"

ఇది కొంచెం గట్టిగానే అన్నాను. పక్క బెంచీ వాళ్లు తిరిగి చూశారు. ఆయనకు కోపం రాలేదు. "నాకు మానుకోటలో బజారు తెలుసు, ఊళ్లు తెలియవు" అన్నారు మెల్లగా. మళ్లీ విమర్శకుడైపోయారు. "అయినా ఒక్క వాక్యం. 'తన కొడుకు గుర్తొచ్చాడు' అని ఒక్క వాక్యం రాస్తే ఆయన సొమ్మేం పోయింది?"

"రాస్తే ఆమె జవానుకు దొరుకుతుండె సార్."

ఆయన నా వైపు తిరిగారు. ఏదో అడగబోయారు. "ఆమె మీకు..." అని ఆగిపోయారు. నేను టీ డబ్బులు ఇవ్వడానికి లేచాను. ఆయన ఇవ్వనివ్వలేదు. ఆయనను తీసుకుపోవడానికి జీపు వచ్చింది. ఎక్కుతూ, "పుస్తకం అచ్చుకు పోతున్నది. మాట ఇవ్వలేను. మళ్లీ చదువుతాను" అన్నారు.

ఇంటికొస్తే నా భార్య గడపలోనే అడిగింది. "ఏమన్నడు?"

"చదువుతడట."

"గిన్నొద్దులు చదువకుండనే రాసిండా?"

"చదివిండు. మళ్ల చదువుతడట."

"మంచోడే ఉన్నడు" అని లోపలికి పోయింది. అంత తేలిగ్గా ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. తర్వాత వచ్చిన ప్రతి ఆదివారం ముందు ఆ పేజీ తీసేవాణ్ణి. ఎవరెవరి నవలల మీదో రాస్తున్నారు. ఒక నవలలో ప్రేమ బాగుందట, ఒక నవలలో వాన ఎక్కువైందట. మా సంగతి లేదు. పుస్తకం అచ్చు మొదలైందని ఎవరో అన్నారు. పెద్దమనుషుల మాట ఇట్లాగే ఉంటుందని నాలో నేనే తిట్టుకున్నాను. జీపు ఎక్కినవాడు కింద నిలబడ్డవాణ్ణి చూస్తాడా అనుకున్నాను.

వానాకాలం పోయాక ఆయన ఉత్తరం వచ్చింది. ఉన్నదున్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"నమస్కారం. మీ కార్డులకు అప్పుడు జవాబు ఇవ్వనందుకు మన్నించండి. అభిమానుల ఆవేశం అనుకున్నాను. అధ్యాయం ఉంటుంది. అచ్చుకు ఇచ్చాను. అది జబ్బులో రాసిన భాగమన్నది నా తప్పు. పేపర్లో ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీరు చెప్పిన వివరం ముందుమాటలో పెడదామని రాశాను. చదువుకుంటే నేనే ఆమెను జవానుకు పట్టిస్తున్నట్టు అనిపించి చింపేశాను. అర్థంకానివాళ్లు అడుగుతారు, తెలిసినవాళ్లు చెప్తారు. ఇంతకాలానికి నాకు మీరు చెప్పినట్టే.

ఆమె మీ అమ్మగారని మీరు అనలేదు. మాట్లాడినంతసేపూ ఆమెను ఒక్కసారి కూడా పాత్ర అనలేదు, అందుకని తెలిసింది.

అయితే ఆ అధ్యాయం మీద నా అభిప్రాయం ఒకటి ఇంకా మిగిలే ఉంది, కోప్పడకండి. మీ అమ్మగారికి ఏడవడానికి చోటు దొరికింది. చోటిచ్చిన ఆ బిడ్డ కూడా ఆ పూటే తల్లిని పోగొట్టుకున్నది గదా. లేచిన తర్వాత ఆమె ఎక్కడ కూర్చున్నది? తన తల్లి కోసం ఎప్పుడు ఏడ్చింది? రచయిత ఆమెను లేపి మరిచిపోయాడు. నేను ఆమె లేవడాన్ని తప్పుపట్టాను గానీ ఈ మాట అడగలేదు. మీరు కూడా చెప్పలేదు. తెలిస్తే రాయండి."